గుండుసూది గుచ్చిన మాట

పిల్లలూ, వాట్సాప్ గ్రూపు తెరవగానే పేరు కింద ఒక సన్నటి పట్టీ కనిపిస్తుంది చూడండి, పక్కన గుండుసూది బొమ్మతో. ‘ట్యాంకరు మంగళవారం, శుక్రవారం ఉదయం ఆరింటికి’ అనో, ‘కల్యాణ మండపానికి దారి ఇది’ అనో అందులో ఉంటుంది. కింద రోజంతా మాటలు వస్తూనే ఉంటాయి. శుభోదయాలు, పుట్టినరోజు దీవెనలు, గేటుకి అడ్డంగా ఎవరో పెట్టిన బండి ఫొటో, అన్నీ వచ్చినట్టే వచ్చి పైకి జరిగిపోతాయి. ఆ పట్టీ మాత్రం కదలదు. దాన్నే మీరు ‘పిన్ చేశారు’ అంటారు.

“తాతయ్యా, అన్నీ వెళ్లిపోతుంటే అదొక్కటే ఎలా నిలబడుతుంది?” అని మా చిన్న మనవరాలు అడిగింది. నేను నోరు తెరిచేలోపే రెండో ప్రశ్న వేసింది. “అది అక్కడే ఉన్నా, ట్యాంకరు ఎప్పుడొస్తుందని నాన్న ప్రతివారం ఎందుకు అడుగుతాడు?”

మొదటి ప్రశ్న యంత్రం గురించి. దానికి జవాబు చిన్నది. రెండోది మనిషి తలకాయ గురించి. దానికి జవాబు చెప్పాలంటే సముద్రపు నత్త దాకా వెళ్లాలి. తీరిగ్గా వెళ్దాం.

ముందు యంత్రం సంగతి. మీరు పంపిన ప్రతి మాట మీదా ఫోను ఒక టైము ముద్ర వేస్తుంది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎన్నో సెకనుకి అని. గ్రూపు తెరిచినప్పుడు ఆ ముద్రలు చూసి మాటల్ని వరసలో పేరుస్తుంది. కొత్తది ముందు, పాతది వెనక. మన ఇంట్లో పాత పేపర్ల దొంతర ఇంతే కదా. ఇవాళ్టి పేపరు పైన, నిన్నటిది దాని కింద, పోయిన నెలది ఎక్కడో అడుగున. అడుగున పడిన పేపరులో ఎంత పనికొచ్చే కబురున్నా సరే, దొంతరకి అది తెలియదు. దానికి తెలిసింది తారీకు ఒక్కటే. దొంతర పక్కనే గోడ మేకుకి క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. పేపర్లు పెరిగినా తరిగినా అది అక్కడే ఉంటుంది. పిన్ అంటే ఆ మేకు.

ఆ మేకుని ప్రోగ్రాం రాసేవాళ్లు ఎలా కొడతారో కూడా తెలుసుకోండి, ఏమీ కష్టం కాదు. ప్రతి మాటకీ టైము ముద్రతోపాటు ఇంకో చిన్న అంకె జతచేస్తారు. మామూలు మాటకి సున్నా, పిన్ చేసినదానికి ఒకటి. వరస పెట్టేటప్పుడు ముందు ఈ అంకె చూడమంటారు, ఆ తరవాతే టైము చూడమంటారు. అంకె పెద్దదైతే, ఎంత పాత మాటైనా పైకి వస్తుంది. అంతే. 2000లో మొదలైన పీహెచ్‌పీబీబీ అనే చర్చావేదిక సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి మెట్లు నాలుగున్నాయి. మామూలుదానికి 0, పైన అతికించినదానికి 1, ప్రకటనకి 2, వేదిక మొత్తానికీ వర్తించే ప్రకటనకి 3. వాట్సాప్ దారి కొంచెం వేరు. అది మాటని చోటు కదపదు. పోయిన నెల పంపింది పోయిన నెలలోనే ఉంటుంది. పైన కనిపించేది దాని జాడ మాత్రమే. దాని మీద వేలు పెట్టండి, ఫోను మిమ్మల్ని ఆ పాత రోజుకే తీసుకెళ్తుంది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. టైము ప్రకారం వరస పెట్టడంలో ఎవరి పెత్తనమూ లేదు. ఎవరు ఎప్పుడు మాట్లాడారన్నదొక్కటే లెక్క. పిన్ దగ్గరికి వచ్చేసరికి ఒక మనిషి కూర్చుని, ‘ఇది మిగతావాటికంటే ముఖ్యం’ అని తీర్పు చెబుతున్నాడు. అందుకే ఎవరు పిన్ చేయవచ్చో తేల్చే అధికారం గ్రూపు అడ్మిన్ చేతిలో పెట్టారు. గుండుసూది చిన్నదే కానీ, అది పట్టుకున్న చేతికి బాధ్యత ఉంది.

ఇది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచనేమీ కాదు. పూర్వం ఊళ్లో దండోరా వేసేవాళ్లు. డప్పు కొట్టి, చెప్పవలసింది చెప్పి, పక్క వీధికి వెళ్లిపోయేవాళ్లు. ఆ వేళకి పొలంలో ఉన్నవాడికి ఆ మాట అందేది కాదు. అందుకని కొన్ని కబుర్లు రాసి చావడి గోడకి అంటించేవాళ్లు. ఆలస్యంగా వచ్చినవాడు కూడా చదువుకోవాలని. సాగిపోయే మాటా, ఆగి ఉండే మాటా, ఏ ఊరికైనా రెండూ కావాలి.

కంప్యూటర్ల లోకంలోకి ఆ గోడ ఎలా వచ్చిందో వినండి. 1978 జనవరిలో అమెరికాలోని చికాగోలో విపరీతంగా మంచు కురిసి జనం ఇళ్లలోనే చిక్కుకుపోయారు. అక్కడి కంప్యూటర్ అభిరుచిగాళ్ల సంఘంలో వార్డ్ క్రిస్టెన్సన్, రాండీ స్యూస్ అని ఇద్దరు మిత్రులు. వాళ్ల సంఘంలో బెరడు బోర్డు ఒకటి ఉండేది. ‘నా దగ్గర ఫలానా పరికరం ఉంది, కావలసినవాళ్లు అడగండి’ అని చీటీ రాసి సూదితో గుచ్చేవాళ్లు. ఆ బోర్డునే టెలిఫోను తీగ మీదికి ఎక్కిస్తే ఎలా ఉంటుందని ఈ ఇద్దరికీ తోచింది. ఒకరు ప్రోగ్రాం రాశారు, ఒకరు యంత్రం అమర్చారు. ఫిబ్రవరి 16న అది పని మొదలుపెట్టింది. ఒకసారికి ఒక్కరే ఫోను చేసి, చదివి, రాసి, పెట్టేయాలి. అప్పుడు ఇంకొకరికి వంతు. ఇవాళ మీరు చూసే గ్రూపులకి ఆ బోర్డు ముత్తాత.

ఆ తరవాత ఇంకో రెండేళ్లలో యూజ్‌నెట్ అనేది వచ్చింది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో చదువుకునే టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ దానికి ఆద్యులు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇక్కడే ఉంది. యూజ్‌నెట్‌కి యజమాని లేడు, నడిబొడ్డు లేదు. ఒక యంత్రంలో రాసిన మాట పక్క యంత్రానికి, అక్కణ్నుంచి ఇంకోదానికి నకలు అవుతూ పోయేది. అప్పట్లో డిస్కులో చోటంటే చాలా ఖరీదు. కాబట్టి ప్రతి యంత్రమూ కొన్నాళ్లు చూసి పాత మాటల్ని చెరిపేసేది. గోడే లేనిచోట మేకు ఎక్కడ కొడతారు?

అయితే కొత్తవాళ్లు రావడం మాత్రం ఆగదు కదా. ఏటా సెప్టెంబరులో అక్కడ కాలేజీలు తెరుస్తారు. కొత్త విద్యార్థులు వచ్చి పోయినేడు అడిగినవే మళ్లీ అడిగేవాళ్లు. పాతవాళ్లు జవాబు చెప్పి చెప్పి విసిగిపోయేవాళ్లు. చివరికి ఒక ఉపాయం కనిపెట్టారు. తరచూ వచ్చే ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకచోట రాసి పెట్టుకుని, దాన్ని నిర్ణీత కాలానికి ఒకసారి, సాధారణంగా నెలకోసారి, మళ్లీ మళ్లీ పంపడం. అంతరిక్షం గురించిన చర్చల్లో ఈ అలవాటుకి, ‘ఎఫ్.ఏ.క్యూ.’ అనే పేరుకి ఆద్యుడిగా నాసాలో పనిచేసిన యూజీన్ మియాని చెబుతారు. 1980ల మొదటి సంవత్సరాల సంగతి. ఒకచోట నిలబెట్టే వీలు లేని మాటని పదేపదే పంపి నిలబెట్టారన్నమాట. ఈ ‘పదేపదే’ అన్న మాట గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు రెండో ప్రశ్న. నాన్న ఎందుకు అడుగుతున్నాడు? బద్ధకం వల్లనా? కానే కాదు. ఆయన కన్ను, ఆయన మెదడు చక్కగా పనిచేస్తున్నాయి కాబట్టే అడుగుతున్నాడు.

ఒక పరీక్ష పెడతాను. ఫోను మూసేయండి. జేబులో చెయ్యి పెట్టకండి. యాభై రూపాయల కొత్త నోటు వెనక ఏ కట్టడం బొమ్మ ఉంది? ఎన్ని వందలసార్లు ఆ నోటు మీ చేతుల్లోంచి పోయుంటుంది! హంపీలోని రాతి రథం అని ఎంతమంది చెప్పగలిగారు? పది రూపాయల నోటు వెనకది కోణార్క్ సూర్యదేవాలయం. చెప్పలేకపోతే బాధపడకండి. 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికన్ల చేత వాళ్ల పెన్నీ నాణెం బొమ్మ గీయించారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న నాణెం. చాలామందికి అందులోని బొమ్మలు, అక్షరాలు సరిగ్గా గుర్తురాలేదు.

నాణెం సరే, ప్రాణానికి సంబంధించింది అయితేనో? లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలన్ క్యాస్టెల్, ఆయన సహచరులు తమ భవనంలోనే పనిచేసే 54 మందిని అడిగారు. ‘మీ గదికి దగ్గరలో నిప్పునార్పే ఎర్ర సిలిండరు ఎక్కడుంది?’ అని. అది రోజూ వాళ్లు నడిచే దారిలోనే గోడకి వేలాడుతోంది. ఎర్రగా, నిట్టనిలువుగా, ఏళ్ల తరబడి. సరిగ్గా చెప్పగలిగినవాళ్లు నాలుగో వంతు మందే. 2012లో ఈ పరిశోధన అచ్చయింది. దాని కొసమెరుపు నాకు మరీ ఇష్టం. కొన్ని నెలల తరవాత మళ్లీ అడిగితే అందరూ చెప్పేశారు. ఏళ్లపాటు గోడ మీద వేలాడి ఆ సిలిండరు చేయలేని పని, ఒకసారి అడిగి తడుముకునేలా చేసిన ప్రశ్న చేసింది.

కంటికి ఉన్న ఈ గుణాన్ని మీరే ఇప్పుడు ఇంట్లో చూడొచ్చు. తెల్ల కాగితం తీసుకుని మధ్యలో నల్లటి చుక్క పెట్టండి. దానికి బెత్తెడు దూరంలో, చుట్టూ నాలుగైదు చోట్ల లేత రంగు పెన్సిలుతో మెత్తగా, అంచులు చెదిరిపోయేలా మరకలు వేయండి. ఇప్పుడు ఒక కన్ను మూసి, నల్ల చుక్కనే రెప్ప వేయకుండా చూడండి. అర నిమిషం ఓపిక పట్టండి. లేత మరకలు ఒక్కొక్కటే మాయమైపోతాయి. చూపు కాస్త కదిపారా, తిరిగి ప్రత్యక్షం! 1804లో స్విట్జర్లాండ్ వైద్యుడు ట్రాక్స్‌లర్ దీన్ని గమనించి రాశాడు. కన్ను మార్పుని పట్టే సాధనం. ఏమీ మారనిచోట, కబురేమీ లేదని ఊరుకుంటుంది. కాగితం మీద మరక ఉంది, కాంతి వస్తోంది, కన్ను తెరిచే ఉంది, అయినా లేనట్టే.

ఇదంతా మనిషికే ప్రత్యేకం అనుకోకండి. ఇక ఆ సముద్రపు నత్త దగ్గరికి పోదాం. దాని పేరు అప్లీసియా. తల మీది కొమ్ములు చెవుల్లా నిక్కబొడుచుకుని ఉంటాయని దాన్ని సముద్రపు కుందేలు అంటారు. దాని శరీరంలో నాడీకణాలు దాదాపు 20 వేలే. మన మెదడులో కోట్లు కోట్లు. పైగా దాని కణాలు కొన్ని మామూలు కంటికి కనిపించేటంత పెద్దవి. ఏ తీగ ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతోందో చూసి లెక్కపెట్టుకోవచ్చు. అందుకే ఎరిక్ క్యాండెల్ అనే శాస్త్రవేత్త దాన్ని ఎంచుకున్నాడు. అప్పుడు తోటి శాస్త్రవేత్తలు, జ్ఞాపకం గురించి నత్తను అడిగి ఏం తెలుసుకుంటావని అతన్ని వారించారు. ఆయన వినలేదు. 2000లో నోబెల్ బహుమతి ఆయనకి దక్కింది.

ఆయన చేసింది చాలా సాదా ప్రయోగం. నత్తకి నీళ్లు చిమ్మే చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని సుతారంగా తాకారు. నత్త భయపడి మొప్పని లోపలికి లాక్కుంది. కాసేపాగి మళ్లీ తాకారు. లాక్కుంది కానీ అంత గట్టిగా కాదు. ఇలా పదిసార్లు తాకేసరికి, తాకితే తాకావులే అన్నట్టు ఉండిపోయింది. ఆ తాకడం వల్ల హాని లేదని దానికి తెలిసిపోయింది. దీన్నే అలవాటు పడటం అంటాం.

“పాపం, అలిసిపోయిందేమో తాతయ్యా” అంటారు కదా? వాళ్లకీ ఆ అనుమానం వచ్చింది. అందుకని తోక మీద చిన్న షాకు ఇచ్చి చూశారు. మళ్లీ గొట్టాన్ని తాకితే మొప్ప చప్పున ముడుచుకుంది. అలసటే అయితే షాకుతో తీరదు కదా. మరి లోపల మారిందేమిటి? తాకిడిని పసిగట్టే కణానికీ, మొప్పని కదిలించే కణానికీ మధ్య ఒక సన్నటి సందు ఉంటుంది. మొదటి కణం ఆ సందులోకి ఒక రసాయనాన్ని వదిలి రెండోదాన్ని లేపుతుంది. తాకిన కొద్దీ అది వదిలే రసాయనం తగ్గిపోతూ వచ్చింది. కబురు తీసుకొచ్చే కణమే గొంతు తగ్గించుకుందన్నమాట. పది తాకిళ్ల పాఠం కాసేపే నిలుస్తుంది. మధ్యమధ్య విరామమిచ్చి అలాంటి పాఠాలు నాలుగు చెబితే మూడు వారాల పైన నిలిచింది. అంతకాలం నిలిచిన నత్తల్లో ఆ కణాల మధ్య అతుకులు కూడా తగ్గిపోయాయని తరవాత మైక్రోస్కోపులో చూశారు.

దీన్ని లోపం అనుకుంటే పొరపాటు. ఒంటి మీది చొక్కా స్పర్శ, ఫ్యాను చప్పుడు, ముక్కు చివర, ఇవన్నీ ప్రతిక్షణం మన ధ్యాసలోకి వస్తుంటే అన్నం కూడా తినలేం. ఎప్పుడూ ఒకేలా ఉండేదాన్ని పక్కనపెట్టి, కొత్తగా వచ్చిన అలికిడి మీదికి మనసు పోనివ్వడం ప్రాణులన్నిటికీ ప్రకృతి నేర్పిన పొదుపు. ఆ పొదుపులోనే మన ట్యాంకరు కబురు కూడా కొట్టుకుపోతోంది.

2015లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని మనిషి మెదడులోనే చూశారు. కంప్యూటరు మీద ‘జాగ్రత్త, ఇది ప్రమాదకరం కావచ్చు’ అంటూ వచ్చే హెచ్చరికలు ఉంటాయి కదా, వాటిని మనుషులకి చూపిస్తూ స్కానింగ్ యంత్రంలో మెదడు చురుకుని కొలిచారు. ఒకే హెచ్చరిక రెండోసారి కనిపించేసరికే, చూపుకి సంబంధించిన భాగాల్లో చురుకు బాగా పడిపోయింది. రెండోసారికే! రూపం మార్చి మార్చి చూపించిన హెచ్చరికల విషయంలో మాత్రం ఆ పడిపోవడం తక్కువగా ఉంది.

సిగరెట్ పెట్టె మీది బొమ్మలు ఎందుకు మారుతుంటాయో ఇప్పుడు తెలిసిందా? మన దేశంలో 2009 మే 31 నుంచి పెట్టె మీద బొమ్మతో హెచ్చరిక తప్పనిసరి చేశారు. అప్పుడు ముందువైపు 40 శాతం మేర ఉంటే సరిపోయేది. 2016 ఏప్రిల్ నుంచి రెండు వైపులా 85 శాతం చేశారు. పరిమాణం పెంచి ఊరుకోలేదు, పన్నెండు నెలలకోసారి బొమ్మ మార్చాలని కూడా నిబంధన పెట్టారు. ఎంత భయంకరమైన బొమ్మైనా రోజూ జేబులో ఉంటే కన్ను దానికి అలవాటు పడిపోతుంది కాబట్టి. నిబంధన రాసినవాళ్లకి మనిషి కన్ను సంగతి తెలుసు. యూజ్‌నెట్ వాళ్లు నెలకోసారి మళ్లీ పంపింది గత్యంతరం లేకే కావచ్చు. కానీ ప్రతినెలా అది కొత్తగా వచ్చిన మాటలా కనిపించి, కంటిని మళ్లీ తట్టేది.

మన సముద్ర తీరంలో ఇంతకంటే గొప్ప పద్ధతి నూరేళ్లకి పైనుంచే ఉంది. ‘బంగాళాఖాతంలో వాయుగుండం, ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేత’ అని పేపర్లో చదువుతారు కదా. ఆ సూచికలు పదకొండు. పగలైతే శంకువు, స్తూపం ఆకారాల్ని స్తంభానికి ఎక్కిస్తారు. రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు. ఒకటీ రెండూ దూరంగా సముద్రంలో ఏదో ఉందని చెబుతాయి. మూడూ నాలుగూ రేవు దాకా ముప్పు రావచ్చని. ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పదకొండోది నన్ను చిన్నప్పుడు బాగా వణికించింది. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. 1864 అక్టోబరులో కలకత్తాని, నెల తిరగకుండా నవంబరు 1న మచిలీపట్నాన్ని పెను తుపానులు ముంచేశాయి. వేలమంది చనిపోయారు. ముందే చెప్పగలిగిన నాథుడు లేకపోయాడు. ఆ మరుసటి ఏడాదే కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలుపెట్టారు. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టడానికి కారణాల్లో ఆ రెండు తుపానులూ ఉన్నాయి. మచిలీపట్నం పడ్డ బాధ ఆ స్తంభం వెనక ఉందని మీరు మరిచిపోకూడదు.

ఇందులో తెలివి ఎక్కడుందో చూడండి. స్తంభం ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. జాలరికి అది ఎక్కడుందో తెలుసు, వెతుక్కోనక్కర్లేదు. కానీ దాని మీద సూచిక ఎప్పుడూ ఉండదు. ముప్పు వచ్చినప్పుడు ఎక్కిస్తారు, తీరిపోగానే దింపేస్తారు. దింపుతారు కాబట్టే ఎక్కించినప్పుడు కళ్లన్నీ అటు తిరుగుతాయి. ఏడాది పొడవునా మూడో నంబరు వేలాడితే ఏ పడవ ఆగుతుంది? చోటు కదలకూడదు, అందులోని మాట మారుతుండాలి. పిన్‌కి కావలసిన శాస్త్రమంతా ఇదే.

వాట్సాప్‌వాళ్లు ఈ కిటుకు పట్టుకున్నారు. 2023 డిసెంబరులో మాటల్ని పిన్ చేసే వీలు తెచ్చినప్పుడే గడువు కూడా అడిగేలా చేశారు. 24 గంటలా, 7 రోజులా, 30 రోజులా అని. ఎప్పటికీ అనే ఎంపిక ఇవ్వలేదు. గడువు తీరితే సూది దానంతటదే ఊడిపోతుంది. మొదట ఒక్క మాటనే పిన్ చేయనిచ్చారు, 2024లో మూడింటి దాకా పెంచారు.

“మూడేనా? పది చేసుకోనిస్తే పోయేదేముంది?” అని మా పెద్ద మనవడి ప్రశ్న. దానికి 1933లో జర్మనీలో హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ అనే శాస్త్రవేత్త చేసిన పని జవాబు చెబుతుంది. ఆమె మనుషులకి కొన్ని జాబితాలు ఇచ్చి గుర్తుపెట్టుకోమంది. జాబితాలో అన్నీ ఒక జాతివి, ఒక్కటి మాత్రం వేరు. అర్థంలేని అక్షరాల గుంపుల మధ్య ఒక అంకె ఉందనుకో. ఆ ఒక్కటీ మిగతావాటికంటే బాగా గుర్తుండిపోయేది. అంకెలో ఏ మహత్తూ లేదు. అంకెలన్నిటి మధ్యా పెడితే అది మామూలుదే. చుట్టూ ఉన్నవాటికి భిన్నంగా ఉండటమే దాని బలం. పది మాటల్ని పిన్ చేశావంటే అదింకో జాబితా అవుతుంది. జాబితాని జనం దాటేసి కిందికి పోతారు. గ్రూపులో కొందరు ప్రతి మాటా నక్షత్రాలు పెట్టి, లావు అక్షరాల్లో, ఎర్ర గంటల బొమ్మలతో పంపుతారు. పాపం, వాళ్ల ఆత్రుత నాకు అర్థమవుతుంది. కానీ అన్నీ ఎర్రగా ఉన్నచోట ఎరుపుకి విలువ లేదు.

కాబట్టి మన కాలనీ గ్రూపులో ఏం పిన్ చేయాలో ఇప్పుడు మీరే తేల్చండి. నన్నడిగితే ఒకటి ఈ వారానిది, ఒకటి ఎప్పటికీ పనికొచ్చేది. ఈ వారానిది అంటే ట్యాంకరు, కరెంటు కోత, పోలియో చుక్కలు వేసే రోజు. ఏడు రోజులకే పెట్టండి, పని అయిపోతే ముందే తీసేయండి. ఎప్పటికీ పనికొచ్చేది అంటే కొత్తగా అద్దెకి దిగినవాళ్లకి కావలసింది: లైన్‌మన్ నంబరు, చెత్త బండి వచ్చే వేళ, రాత్రి తెరిచి ఉండే మందుల షాపు, అంబులెన్స్ 108. దాని మొదటి లైనులోనే ఎప్పుడు సరిచూశారో తారీకు వేయండి. తారీకు లేని పిన్ చదివినవాడు నమ్మాలో లేదో తేల్చుకోలేడు. లైన్‌మన్ బదిలీ అయిపోయి ఉండొచ్చు. పాతబడిన పిన్ మామూలు పాత మాటకంటే ఎక్కువ హాని చేస్తుంది, పైన ఉన్నందుకే జనం దాన్ని నమ్ముతారు కాబట్టి. నెల తిరిగి గడువు తీరినప్పుడు, అదే మాటని అలాగే మళ్లీ గుచ్చేయకుండా, ఒకసారి చదివి, మారినవి మార్చి పెట్టండి. ముప్పై రోజుల గడువు మీకు ఆ అవకాశం ఇవ్వడానికే అనుకోండి.

“మరి నాన్న సంగతి?” అని చిన్నది వదల్లేదు. నాన్నకి ఆ పట్టీ మూడు వారాలుగా అలవాటైపోయింది. ఆయన కంటికి అది గోడలో భాగం. నిన్న కొత్తగా గ్రూపులో చేరినావిడకి మాత్రం అది మొట్టమొదట కనిపించేది. పిన్ నిజంగా అవసరమైంది ఆవిడకే. రోజూ వచ్చేవాళ్లకి కావలసింది వేరే. మంగళవారం పొద్దున్నే ‘ఇవాళ ట్యాంకరు’ అని ఒక చిన్న మాట పంపితే చాలు, అది కొత్తగా వచ్చింది కాబట్టి ఆయన చూస్తాడు. ఆ పని నువ్వు చెయ్యొచ్చు తల్లీ.

ఈ రెండు రకాల మనుషుల్ని ఒక్క సూదితోనే సంతోషపెట్టిన ఏర్పాటు కూడా ఒకటుంది. 2013లో వచ్చిన డిస్కోర్స్ అనే చర్చావేదిక సాఫ్ట్‌వేర్‌లో, పిన్ చేసిన చర్చని మీరు చివరిదాకా చదివితే మీ వరకూ అది పిన్ ఊడి మామూలు వరసలోకి వెళ్లిపోతుంది. ఇంకా చదవనివాళ్లకి మాత్రం పైనే కనిపిస్తూ ఉంటుంది. అంటే అక్కడ ఆ 0, 1 అనే అంకె మాటకి ఒక్కదానికే కాదు, మాటకీ మనిషికీ కలిపి రాసుకుంటారు. వెయ్యిమంది ఉంటే, ఎవరు చదివారో ఎవరు చదవలేదో వెయ్యి గుర్తులు దాచుకోవాలి. యూజ్‌నెట్ రోజుల్లో మాటలు దాచడానికే డిస్కులో చోటు లేదు. ఇప్పుడు చదివినవాళ్ల లెక్క కూడా దాచుకునేంత చోటుంది.